ఆరు నెలలని రాయించి, ఆయన చేతనే సంతకం పెట్టించి: టర్మ్ పాలసీ డబ్బు ముందుగా తీసుకున్న మా అనుభవం

మావారి టర్మ్ పాలసీ (మామూలుగా మనిషి పోయాకే డబ్బు వచ్చే జీవిత బీమా) సొమ్ము 75 లక్షల రూపాయలు 2025 ఫిబ్రవరి 18న ఆయన ఖాతాలోనే జమ అయింది. అప్పటికి ఆయన బతికే ఉన్నారు. బ్యాంకు మెసేజ్ ఆయన ఫోనుకే వస్తే ఆయనే చదివి నాకు చెప్పారు. పాలసీదారు ప్రాణంతో ఉండగా ఇలా డబ్బు తీసుకునే వీలుంటుందని మా గుంటూరులో నేను అడిగినవారిలో చాలామందికి తెలియదు. తెలుసన్నవారు కూడా అది ఎలా జరుగుతుందో చెప్పలేకపోయారు. ఏప్రిల్‌లో ఆయన వెళ్ళిపోయారు. కాగితాలన్నీ ఆయన సర్దిన వరుసలోనే బీరువాలో ఉన్నాయి కనుక, తేదీలు కలగాపులగం కాకముందే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆయనకు 49 ఏళ్ళు. మిర్చి యార్డుకు దగ్గరలో ఉన్న ఒక ఎగుమతి సంస్థలో అకౌంట్లు చూసేవారు. 2024 జూన్‌లో పొట్ట పైభాగంలో మొదలైన నొప్పి వీపులోకి పాకింది. 2019 నుంచి అదుపులో ఉన్న షుగర్ ఉన్నట్టుండి పెరిగింది, ఒళ్ళు బాగా తగ్గింది. ఆగస్టు మొదటి వారంలో కళ్ళు పచ్చబడడంతో కొత్తపేటలో సీటీ స్కాన్ తీయిస్తే పాంక్రియాస్‌లో గడ్డ ఉందన్నారు. విజయవాడలో స్టెంట్ వేసి కామెర్లు తగ్గించి, ముక్క తీసి పరీక్షకు పంపి, పెట్ స్కాన్ కూడా చేసేసరికి నెలాఖరయింది. లివర్‌కు కూడా పాకింది, ఆపరేషన్‌కు వీలు లేదు, నాలుగో దశ క్యాన్సర్ అని డాక్టరు గారు నన్నూ మా తమ్ముణ్ణీ గదిలోకి పిలిచి చెప్పారు. కీమో ఇచ్చేది నయం చేయడానికి కాదనీ, ఉన్న కాలాన్ని కొంత పొడిగించడానికేననీ అప్పుడే స్పష్టంగా చెప్పారు.

ఆ మాట మేము ఆయనకు చెప్పలేదు. గడ్డ ఉంది, కీమోతో కరుగుతుంది, అన్నంత వరకే చెప్పాం. రిపోర్టుల ఫైలు విజయవాడలో తమ్ముడి దగ్గరే ఉంచాం. మన ఇళ్ళలో క్యాన్సర్ అంటే ఎక్కువమంది చేసేది ఇదే, అందులో ప్రేమ తప్ప మరేమీ లేదని నేనిప్పటికీ అనుకుంటాను. కాని ఈ పాలసీ డబ్బు మాత్రం రోగికి తెలియకుండా తీసుకునే వీలున్నది కాదు. ఆ సంగతి మాకు నవంబరు చివరిదాకా అర్థం కాలేదు.

రెండు వారాలకొకసారి కీమో. మా కుటుంబానికంతటికీ కలిపి ఉన్న 5 లక్షల ఆరోగ్య బీమా అక్టోబరులోనే అయిపోయింది. సెలవులు అయిపోవడంతో జీతం ఆగింది. ఫ్లాటు మీద ఇంకా 23 లక్షల అప్పు, నెలకు 29 వేల కిస్తీ. నా నగలు కుదువపెట్టి 4 లక్షలు తెచ్చాం. నవంబరు రెండో వారంలో మళ్ళీ స్కాన్ తీస్తే లివర్‌లో మచ్చలు పెరిగాయని తేలింది. మందు మార్చి చూడవచ్చు గాని ఇంత నీరసంలో లాభం కంటే బాధే ఎక్కువ కావచ్చని, నొప్పి తగ్గించే వైద్యం మీద దృష్టి పెడదామని డాక్టరు గారు అన్నారు.

చుట్టాలలో ఒకాయన ఎల్ఐసీ పాలసీలు సరెండర్ చేసేయమని గట్టిగా చెప్పారు. మావారివి రెండు పాత ఎండోమెంట్ (పొదుపు, బీమా కలిసిన) పాలసీలున్నాయి. వాటిని కట్టించిన ఏజెంటు గారు పెద్దాయన, మా మామగారి స్నేహితులు. నేను ఫోను చేయగానే మధ్యాహ్నం ఎండలో ఇంటికి వచ్చి, "సరెండర్ మాట మళ్ళీ ఎత్తవద్దమ్మా, వాటి మీద లోను తీసుకో" అన్నారు. సరెండర్ చేస్తే వచ్చేది ఆ రోజు విలువ మాత్రమే, పాలసీ అక్కడితో ముగుస్తుంది. లోను తీసుకుంటే సరెండర్ విలువలో 90 శాతం దాకా ఇస్తారు, పాలసీ నడుస్తూనే ఉంటుంది, మనిషికి ఏదైనా జరిగితే పూర్తి బీమా మొత్తం, బోనస్ కలిపి లెక్కకట్టి అందులోంచి అప్పు, వడ్డీ మినహాయించి మిగతాది ఇస్తారు. ఆ లెక్క ఆయన మా క్యాలెండరు వెనుక వేసి చూపించారు. రెండు పాలసీల మీద కలిపి 3 లక్షల 60 వేలు వారం తిరగకముందే వచ్చాయి. ప్రాణం మీదికి వచ్చిన మనిషి పాలసీని సరెండర్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే, అది ఎంత మంచి మనసుతో ఇచ్చినా సరే, వినవద్దు.

టర్మ్ పాలసీ సంగతి తమ్ముడు కనిపెట్టాడు. వాడు బ్యాంకు ఉద్యోగి. ఆ పాలసీ 2017లో ఒక ప్రైవేటు బీమా కంపెనీలో తీసుకున్నది, ఏడాదికి 17 వేల పైచిలుకు ప్రీమియం. నామినీగా నా పేరు సరిగా ఉందో లేదో చూడడానికి మెయిల్‌లో ఉన్న పాలసీ పత్రం తెరిచి, వాడి అలవాటు ప్రకారం చివరిదాకా చదివాడు. అందులో టర్మినల్ ఇల్‌నెస్ అని ఒక భాగం ఉంది. పాలసీదారుకు వచ్చిన జబ్బు ఆరు నెలల్లో మరణానికి దారితీసే అవకాశం చాలా ఎక్కువగా ఉందని, ఆ జబ్బులో నిపుణులైన ఇద్దరు డాక్టర్లు విడివిడిగా ధ్రువీకరిస్తే, బీమా మొత్తాన్ని ముందుగానే చెల్లిస్తారు. కావాలనుకుంటే కంపెనీ తన తరఫున మరో డాక్టరు చేత పరీక్ష చేయించుకోవచ్చు. ఇది అదనంగా వచ్చే డబ్బు కాదు. మరణానంతరం నామినీకి రావలసినదే ముందు వస్తుంది, దానితో పాలసీ ముగిసిపోతుంది. ఆరు నెలలు దాటి మనిషి బతికితే డబ్బు వెనక్కి ఇవ్వాలన్న షరతు మా పత్రంలో ఎక్కడా లేదు. అది వెతకడానికి నేను ఆ పత్రం మళ్ళీ మళ్ళీ చదివాను.

క్రిటికల్ ఇల్‌నెస్ అనేది వేరు. ఆ రైడర్, అంటే పాలసీకి జోడించుకునే అదనపు రక్షణ, తీసుకుని ఉంటే క్యాన్సర్ అని తేలగానే ఆ మేరకు డబ్బు వచ్చేది, ఎన్నాళ్ళు బతుకుతారన్న ప్రశ్న ఉండేది కాదు. మా పాలసీకి ఆ రైడర్ లేదు. ఈ రెంటినీ ఒకటిగా అనుకునేవారు కంపెనీ లోపల కూడా ఉన్నారని తరువాత తెలిసింది.

నవంబరు 25న తమ్ముడూ నేనూ విజయవాడలోని ఆ కంపెనీ శాఖకు వెళ్ళాం. ముందు టేబుల్ దగ్గరి అమ్మాయి విషయమంతా విని క్రిటికల్ ఇల్‌నెస్ ఫారం ఇచ్చింది. అది కాదంటే లోపలికి వెళ్ళి అడిగి వచ్చి మరణ క్లెయిమ్ ఫారం నా చేతిలో పెట్టి, "పాలసీదారు ఏ తేదీన చనిపోయారు మేడం?" అని అడిగింది. ఉదయం నేనే స్నానం చేయించి, ఇడ్లీ తినిపించి వచ్చిన మనిషి గురించి ఆ ప్రశ్న. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, అలాంటి క్లెయిమ్ ఆ శాఖకు అంతకుముందు వచ్చి ఉండదు. చివరికి ముంబయిలోని క్లెయిముల విభాగానికి ఫోను కలిపారు. సరైన ఫారం మర్నాడు మెయిల్‌లో వచ్చింది.

ఫారం చదివాక విషయం తెలిసింది. క్లెయిమ్ చేయవలసినది నామినీ కాదు, పాలసీదారే. మొదటి పేజీ పైన టర్మినల్ ఇల్‌నెస్ అని పెద్ద అక్షరాలతో ఉంది, ప్రతి పేజీ కింద ఆయన సంతకం కావాలి. జబ్బు ఏమిటి, ఎప్పుడు తెలిసింది, డాక్టర్లు ఏమన్నారు, ఇవన్నీ ఆయన మాటల్లోనే నింపాలి. కంపెనీ మనిషి వచ్చి నేరుగా ఆయనతో మాట్లాడే అవకాశం ఉందని కూడా రాసి ఉంది. చదివించకుండా సంతకాలు పెట్టించేద్దామని ఇంట్లో ఒకరు అన్నారు. ముప్పై ఏళ్ళు అకౌంట్లు చూసిన మనిషి చదవకుండా దేని మీదా సంతకం పెట్టరు.

చెప్పడం కంటే ముందు డాక్టర్ల సర్టిఫికెట్లు తెచ్చుకుందాం అనుకున్నాం. వైద్యం చేస్తున్న డాక్టరు గారు మొదట పరిస్థితి ఆశాజనకంగా లేదని మాత్రమే రాసి ఇచ్చారు. అది సరిపోదని కంపెనీ మెయిల్ పెట్టింది. ఆరు నెలలన్న మాట అందులో ఉండి తీరాలి. మళ్ళీ వెళ్ళి అడిగితే ఆయన చాలాసేపు ఆలోచించి, "రాయడానికి నాకు అభ్యంతరం లేదమ్మా, కాని నేను రాసింది మీవారు చదువుతారు కదా, ముందు మీరు ఆయనకు చెప్పండి, కావాలంటే నేనే చెబుతాను" అన్నారు. అప్పటికి మాకు మిగిలిన దారి అదొక్కటే.

డిసెంబరు 1 ఆదివారం. భోజనాలయ్యాక తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నేనే చెప్పాను. ఆయన నన్ను పూర్తిగా చెప్పనిచ్చి, తమ్ముడి వంక తిరిగి "నీకు ఎప్పటి నుంచి తెలుసు?" అని అడిగారు. ఆగస్టు అన్నాడు వాడు. జబ్బు గురించి కాక, తనకంటే ముందు బావమరిదికి, ఏజెంటుకు, బీమా కంపెనీలో ఎవరో అమ్మాయికి తన సంగతి తెలిసినందుకు ఆయనకు కోపం వచ్చింది. రెండు రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. మూడో రోజు ఫైలు మొత్తం తెప్పించుకుని బయాప్సీ రిపోర్టు నుంచి మొదలుపెట్టి అన్నీ చదివారు. చదివాక, సంతకం పెట్టనన్నారు. "నేను పోయాక నీకు ఎలాగూ వచ్చే డబ్బే కదా, ఆరు నెలల్లో పోతానని నేను రాసి ఇవ్వడం ఎందుకు?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. నిజానికి అది అడగవలసిన ప్రశ్నే. అప్పుల ఒత్తిడి లేని ఇంట్లో ఈ క్లెయిమ్ పెట్టకపోయినా నష్టమేమీ లేదు, డబ్బు ఎక్కడికీ పోదు.

ఆయన మనసు మార్చింది మేమెవరమూ కాదు, కాగితం మీది లెక్క. ఒక రాత్రి నిద్ర పట్టక లేచి, ఇంటి అప్పు మీద నెలకు వడ్డీయే 16 వేల పైచిలుకు పోతోందనీ, నగల అప్పు వడ్డీ వేరనీ, జీతం లేని ఇంట్లో అమ్మాయి ఇంజనీరింగ్ రెండో ఏడాది ఫీజు జనవరిలో కట్టాలనీ వరుసగా రాసి నాకు చూపించారు. తాను పోయాక ఆ మూడూ నేను ఒక్కదాన్నీ తిరిగి సర్దుకోవాలి, తానుంటే తానే సర్దగలరు. "నా చేతుల మీదుగానే లోను తీర్చేస్తాను" అని, డిసెంబరు 9న అన్ని పేజీలూ చదివి సంతకాలు పెట్టారు. డాక్టరు గారిని కూడా తానే వచ్చి కలిశారు. ఆయన ఈసారి ఆరు నెలలన్న మాటతో రాసి ఇచ్చారు. రెండో సర్టిఫికెట్ గుంటూరులోనే వేరే ఆసుపత్రి క్యాన్సర్ వైద్యుడి దగ్గర తీసుకున్నాం. ఇద్దరూ ఒకే ఆసుపత్రివారైతే విడి అభిప్రాయం కింద లెక్కించకపోవచ్చని కంపెనీ ముందే చెప్పింది. ఇద్దరి మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్లూ స్పష్టంగా కనబడాలి.

ఆ సంతకాల దగ్గరే మరో చిక్కు వచ్చింది. ఆయనకు ఇచ్చిన కీమో మందుల్లో ఒకదాని వల్ల వేళ్ళు తిమ్మిరెక్కి, పెన్ను పట్టు తప్పేది. 2017 నాటి సంతకానికీ దీనికీ పోలికే లేదు. ఆయన ఖాతా ఉన్న బ్యాంకు మేనేజరు గారు ఇంటికి వచ్చి, ఎదుట సంతకం పెట్టించుకుని ధ్రువీకరించి ఇచ్చారు. చేయి ఇంకా బలహీనపడి వేలిముద్ర దాకా వస్తే దానికి సాక్షులు, ధ్రువీకరణలు మరిన్ని కావాలి. మన పేర్లతో ఉన్న పాత తలనొప్పి కూడా తప్పలేదు. పాలసీలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది, పాన్‌లో చివరికి వెళ్ళింది. ముగ్గురూ ఒకరేనని స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాసి నోటరీ చేయించాం, 500 రూపాయలు.

ఒరిజినల్ పాలసీ బాండు, ఆధార్, పాన్, ఆయన పేరు ముద్రించి ఉన్న క్యాన్సిల్డ్ చెక్కు, బయాప్సీ, పెట్, సీటీ రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీలు, యజమాని ఇచ్చిన సెలవు ధ్రువపత్రం అన్నీ కలిపి డిసెంబరు 12న శాఖలో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకున్నాం. వారం తరువాత ఇన్‌డోర్ కేస్ పేపర్లు కావాలని మెయిల్ వచ్చింది. అంటే ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ నర్సులు, డాక్టర్లు రాసిన షీట్లన్నీ. వాటిని మెడికల్ రికార్డ్స్ విభాగంలో అర్జీ పెట్టి తీసుకోవాలి. 2,500 రూపాయలు కట్టించుకుని పది రోజులకు ఇచ్చారు. డిశ్చార్జి అవుతున్నప్పుడే అడిగి పెట్టుకుంటే ఆ పది రోజులు మిగులుతాయి.

ఈ మధ్యలో పాలసీ ప్రీమియం గడువు జనవరి 9న వచ్చింది. క్లెయిమ్ నడుస్తోంది కదా, ఇంకా కట్టడం దేనికని నాకు అనిపించింది గాని ఆయన ఒప్పుకోలేదు, ఆ రోజే కట్టించారు. ఏడాది ప్రీమియానికి 30 రోజుల గ్రేస్ (అదనపు గడువు) ఉంటుంది. క్లెయిమ్ తేలకుండా అదీ దాటితే పాలసీ ల్యాప్స్ అయి మొత్తం వ్యవహారం మొదటికి వస్తుంది.

సంక్రాంతి వెళ్ళాక, జనవరి 17న కంపెనీ తరఫున విచారణకు ఒకతను వచ్చాడు, అతనితో పాటు వారి డాక్టరు గారు కూడా. దీని గురించి రాయడం నాకు కష్టంగానే ఉంది. అంతకు వారం ముందు ఆకలి కోసం డాక్టరు గారు స్టిరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. ఆ మాత్రలతో ఆయన ముఖం కాస్త నిండింది, పండగకు రెండు అరిసెలు తిన్నారు, మా అత్తయ్య చేసిన పులిహోర అడిగి పెట్టించుకున్నారు. వారు వచ్చే రోజున గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నారు. ఆయన అంత బాగా కనబడడం చూసి నాకు భయం వేసింది. జబ్బు మనిషిలా కనబడితే బాగుండునని భార్య కోరుకునే పరిస్థితి ఈ క్లెయిమ్ తెచ్చిపెడుతుంది. బయటికి చెప్పుకోలేని ఆ రెండు గంటలు ఆసుపత్రిలో గడిపిన రాత్రుల కంటే నాకు బరువుగా గడిచాయి. ఆ డాక్టరు గారు మాత్రం మర్యాదస్థులు. చొక్కా విప్పించి చూసి, బరువు తూచి, స్కాన్ ఫిల్ములు వెలుతురుకు పెట్టి చూశారు. వెళ్ళేటప్పుడు నాతో "మందుల ప్రభావం మాకు తెలుస్తుందమ్మా" అని మెల్లగా అన్నారు.

విచారణకు వచ్చినతను పక్క ఫ్లాటువాళ్ళను, వీధి చివరి మెడికల్ షాపులోనూ షుగర్ ఎప్పటి నుంచి అని అడిగాడట. జనవరి 24న దాని మీదే ప్రశ్న వచ్చింది: పాలసీ తీసుకునేటప్పటికే మధుమేహం ఉందా అని. 2019లో మొదటిసారి షుగర్ బయటపడిన రక్తపరీక్ష కాగితం ఆయన ఫైలులో దొరికింది. అది పంపుతూ తమ్ముడు ఇంకో వాక్యం చేర్చాడు. 1938 నాటి బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీ మొదలై మూడేళ్ళు దాటాక ఏ కారణం మీదా దాన్ని ప్రశ్నించడానికి వీలులేదని, ఈ పాలసీకి ఎనిమిదేళ్ళు దాటాయని. మళ్ళీ ఆ ప్రశ్న రాలేదు.

తరువాత రెండు వారాలు ఏ కబురూ లేదు. కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే ప్రాసెస్‌లో ఉందనేవారు. ఈలోగా పని చేయించిపెడతానని, వచ్చినదాంట్లో 2 శాతం ఇవ్వాలని ఒక మధ్యవర్తి ఫోను చేశాడు. మా సంగతి అతనికి ఎలా తెలిసిందో ఇప్పటికీ అంతుపట్టలేదు. మేము కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టాం. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలని, దానికీ కదలకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలని నిర్ణయించుకుని కాగితాలు సిద్ధం చేసుకున్నాం. ఐఆర్‌డీఏఐ వారి 155255 నంబరుకు కూడా ఫోను చేయవచ్చు. అంత దూరం పోవలసిన అవసరం రాలేదు. ఫిబ్రవరి 12న క్లెయిమ్ ఆమోదించినట్టు లేఖ, 18న డబ్బు వచ్చాయి. నోటరీ, కేస్ పేపర్లు, డాక్టర్ల ఫీజులు, గుంటూరు విజయవాడల మధ్య కారు ఖర్చు, అన్నీ కలిపి మాకు 15 వేలు దాటలేదు. ఆదాయపు పన్నేమీ పడలేదు; అప్పటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(10డి) కింద మినహాయింపు ఉందని ఆడిటరు గారు చెప్పారు.

ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటి ఆ డబ్బు గురించి ఉంది. మరణానంతరం వచ్చే బీమా సొమ్ము నామినీగా నాకు వస్తుంది. బతికుండగా వస్తే అది ఆయన సొంత డబ్బు, ఆయన ఖాతాలో ఉన్న డబ్బు. ఆయన తరువాత దానికి వారసులు నేను, అమ్మాయి, మా అత్తయ్య, ముగ్గురమూ సమానంగా. పాలసీలోని నామినీ పేరు ఇక ఎందుకూ పనికిరాదు. ఈ మాట జనవరిలోనే లాయరు గారు చెబితే, ఆయన పాత జీతం ఖాతాలో చూస్తే నామినేషనే లేదు. డబ్బు పడకముందే నన్ను జాయింటుగా చేర్చి, ఇద్దరిలో ఎవరైనా లేక బతికున్నవారు నడుపుకునేలా మార్పించారు. తరువాత తన చేత్తోనే రెండు పేజీల వీలునామా రాశారు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు చాలు. అప్పటికే నొప్పికి మార్ఫిన్ మాత్రలు వాడుతున్నారు కనుక, స్పృహతో, తెలివితో రాశారని రేపు ఎవరూ వేలెత్తకుండా మా ఫ్యామిలీ డాక్టరు గారిని ఒక సాక్షిగా పెట్టుకున్నారు. అందులో అత్తయ్యకు 10 లక్షలు అని రాసి, ఆవిడను పిలిచి చదివి వినిపించారు. "నీ డబ్బు నాకెందుకురా" అని ఆవిడ ఏడ్చింది. "నా డబ్బు కాబట్టే నీకు" అన్నారాయన.

డబ్బు పడ్డ మూడో రోజున బ్యాంకు నుంచి ఎవరో ఫోను చేసి, ఖాతాలో పెద్ద మొత్తం ఉంది కదా, మంచి బీమా పథకం ఒకటుంది తీసుకోమని ఆయనకే చెప్పారు. ఆయన నవ్వుతూ "నా వయసు, ఆరోగ్యం వివరాలు కూడా రాసుకుంటారా?" అని అడిగారు. చాలా రోజులకు విన్న నవ్వు అది.

ఇంటి అప్పు ఫిబ్రవరి 24న తీర్చేశారు. వడ్డీ రేటు మారుతూ ఉండే గృహరుణానికి ముందస్తుగా కట్టినందుకు జరిమానా ఉండదు. అప్పు తీరిన 30 రోజుల్లోగా ఇంటి పత్రాలు తిరిగి ఇవ్వాలని, ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున బ్యాంకే కట్టాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. మాకు మార్చి రెండో వారంలోనే ఇచ్చారు, ఆయనే లెక్క చూసుకుని తీసుకున్నారు. నగలు విడిపించారు. అమ్మాయి పేరున, అత్తయ్య పేరున ఎఫ్‌డీలు వేశారు.

డబ్బు వచ్చిందన్న మాట బంధువుల్లో పాకాక ఇంకో రకం ఒత్తిడి మొదలైంది. ఇంత డబ్బు చేతిలో పెట్టుకుని మనిషిని ఇంట్లో పడుకోబెట్టారేమిటని, హైదరాబాదు తీసుకువెళ్ళి కొత్త ఇంజెక్షన్లు వేయించమని రోజుకొకరు. ఒక ఆసుపత్రివారు ఫోనులోనే లక్షల్లో ఖర్చు చెప్పారు. మా డాక్టరు గారిని అడిగితే ఈయన జబ్బు తీరుకు ఆ మందు పనిచేసే సూచనలు పరీక్షల్లో లేవన్నారు. నిర్ణయం ఆయనకే వదిలేశాను. తన జబ్బు సంగతి తనకు తెలియని పక్షంలో ఆ నిర్ణయం నా మీద పడేది, నేను తప్పకుండా హైదరాబాదు బండెక్కించి ఉండేదాన్ని. ఆయన వద్దన్నారు. మంచం అద్దెకు తెచ్చుకున్నాం, పగటికి నర్సును పెట్టుకున్నాం, మందులతో కలిపి నెలకు 40 వేల లోపే అయింది. అప్పు అడగడానికి వచ్చిన ఇద్దరు బంధువులకు కూడా ఆయనే మంచం మీద నుంచే లేదని చెప్పి పంపారు. ఆ మొహమాటం కూడా నాకు మిగల్చలేదు.

ఏప్రిల్ 11న పోయారు. టర్మ్ పాలసీ అప్పటికే ముగిసింది కనుక ఆ కంపెనీతో ఇక పనేమీ లేకపోయింది. ఎల్ఐసీ పాలసీలు రెంటికీ నగరపాలక సంస్థ ఇచ్చిన మరణ ధ్రువపత్రం, బాండ్లు, నా బ్యాంకు వివరాలు మే నెలలో ఇచ్చాం. ఏజెంటు గారే దగ్గరుండి ఫారాలు నింపారు. నవంబరులో తీసుకున్న లోను, దాని వడ్డీ మినహాయించుకుని, బోనస్‌తో కలిపి మిగతా మొత్తం జూన్ మొదటి వారంలో నా ఖాతాలో వేశారు. క్యాలెండరు వెనుక పెద్దాయన వేసిన లెక్కకు కొద్ది వేలు ఎక్కువే వచ్చింది.